ఎండలో పెట్టిన గాలిపెట్టె

మొన్న మా మనవరాలికి కీబోర్డు కొన్నారు. ఆ పిల్ల దాని మీద మీటలన్నీ వరసగా నొక్కుతోంది. పిల్లనగ్రోవి, గిటారు, గంటలు, చివరికి కుక్క మొరుగు కూడా పలికింది. నేను పేపరు చదువుకుంటున్నాను. ఇంకో మీట నొక్కింది. నా చేతిలో పేపరు జారిపోయింది. ఒక్క గెంతులో కిటికీ దగ్గరికి పోయి ఎండ ఎటుందో చూశాను.

ఒక్క గెంతు అన్నానా? ఈ మోకాళ్ళతో గెంతులేమిటి! కుర్చీ చెయ్యి పట్టుకుని లేచి, గోడ పట్టుకుని నడిచాను. కానీ గుండె మాత్రం గెంతింది, అందులో అబద్ధం లేదు.

"ఏమైంది తాతా?" అంది పిల్ల.

"అది అకార్డియనమ్మా. ఎండ తగలకూడదు."

"ఇది ఉట్టి మీట తాతా, ఎండేం చేస్తుంది?" అని నవ్వింది.

ఏం చేస్తుందో నాకు తెలుసు. ఆ చప్పుడు వింటే నాకిప్పటికీ భయమే. అది దెయ్యాల భయం కాదు. రేపీపాటికి సామానంతా తాళ్ళతో కట్టి, మనల్ని విమానం ఎక్కించేస్తారేమో అనే భయం. దాని రుచి నోట్లో ఉప్పగా ఉంటుంది. దోహా గాలిలా.

చమురు డబ్బు పొంగుతున్న రోజులవి. నాకు పదమూడేళ్ళు. పొద్దున ఇసుకదిబ్బగా చూసిన చోట సాయంత్రానికి మూడంతస్తుల మేడ లేచేది. సరే, సాయంత్రానికి కాదు, నేను సెలవులకి కాకినాడ వెళ్ళొచ్చేసరికి. నాన్న ఒక కట్టుబడి కంపెనీలో డ్రాయింగులు గీసేవాడు. దోహాలో నజ్మా అనే పేటలో, ఇరుకు సందులో పై అంతస్తు వాటా మాది. అన్నిటికీ కింద, వీధిలోకి, ఇరానీ అతని రొట్టెల పొయ్యి. తెల్లారగానే కాలిన పిండి వాసన మెట్లెక్కి మా మంచాల దాకా వచ్చేది. వెనకాలే తడి సిమెంటు, డీజిలు, ఎదురు హోటల్లో వేగుతున్న చేప. ఇవన్నీ కలిపి అమ్మ 'ఊరి వాసన' అనేది, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని.

వేసవి చివర్లో సముద్రం మీంచి తేమ వచ్చి ఇంట్లో పడుకునేది. గోడలకి చెమట పట్టేది. రాత్రి విడిచిన చెప్పులకి పొద్దున్నే తెల్లటి బూజు. నాన్న బెల్టుకి బూజు, నా లెక్కల పుస్తకానికి బూజు. అమ్మ దగ్గర అన్నిటికీ ఒకటే మందు: ఎండ. మేడమీద పాత చీర పరిచి పరుపులు, పప్పులు, పుస్తకాలు, మజ్జిగమిరపకాయలు పెట్టేది. నాకు జలుబు చేస్తే వాటి పక్కన నన్నూ కూర్చోబెట్టేది. నెలకోసారి నాన్న హార్మణీ పెట్టె కూడా ఎండకెక్కేది. నాన్న కాలేజీ రోజుల్లో పద్యనాటకాలకి హార్మణీ వాయించాడు. దాన్ని దుప్పట్లలో చుట్టి విమానంలో తెచ్చుకున్నాడు. గురువారం సాయంత్రం, మర్నాడు సెలవన్న ధైర్యంతో, చాప మీద కూర్చుని వాయించుకునేవాడు.

ఆ చప్పుడు పట్టుకునే దొర మా ఇంటికొచ్చాడు.

నాన్న పైఅధికారి ఆయన. స్కాట్లాండు పక్కన ఏదో దీవి. ఏడడుగుల మనిషి, మొహం ఎర్రటి ఇటుక. (ఏడడుగులు నా లెక్క. మా గుమ్మంలోంచి తల వంచకుండానే వచ్చాడు. కానీ నాకు గుర్తున్నది ఏడడుగులే.) ఆయన కోపం గురించి సైటంతా కథలే. మా కింద వాటాలో ఉండే గుంటూరాయన డ్రాయింగు మీద టీ ఒలకబోశాడనీ, దొర ఆ వారమే 'ఎగ్జిట్' కొట్టించాడనీ చెప్పుకునేవారు. ఎగ్జిట్ అంటే పాస్‌పోర్టు మీద దేశం విడిచి పొమ్మనే ముద్ర. అది పడిందంటే పిల్లల బడి, బీరువా, బియ్యం బస్తా ఎక్కడివక్కడే. గుంటూరాయన ఖాళీ చేసిన గది తలుపు రెపరెపలాడుతుంటే, బడి నుంచి వస్తూ ఆ మెట్ల దగ్గర నేను ఊపిరి బిగపట్టేవాణ్ణి. ఆయన భార్యకి జబ్బు చేసి తనంతట తానే వెళ్ళిపోయాడని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అప్పుడు మాకు తెలిసింది టీ సంగతే.

నాన్న కాంట్రాక్టు ఏటా కొత్తది రాయాలి. రాసే చెయ్యి దొరది.

ఆ గురువారం ఏదో డ్రాయింగు కోసం వచ్చిన దొర మెట్ల మీదే ఆగిపోయాడట. లోపల నాన్న కళ్ళు మూసుకుని వాయిస్తున్నాడు. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా ఎర్ర మొహం. నాన్న లేవబోయాడు. దొర వద్దని చెయ్యూపి, బూట్లు విప్పి, చాప మీద చతికిలబడ్డాడు. మేజోడుకి చిల్లు, అందులోంచి బొటనవేలు. అమ్మ వంటింటి కర్టెను వెనకనుంచి పెసరట్లు పంపింది. అల్లప్పచ్చడి తిని దొర ఇంకాస్త ఎర్రబడ్డాడు.

పై వారం తన పెట్టె తెచ్చాడు. హార్మణీని నిలబెట్టి మెడకి తగిలించుకున్నట్టు ఉంది. కుడివైపు మెట్లు, ఎడమవైపు గుండీల వరసలు, మధ్యలో గాలితిత్తి. ఆ దీవుల్లో వాళ్ళ సంగీతాన్ని కెల్టిక్ సంగీతం అంటారనీ, పెళ్ళికైనా చావుకైనా ఈ పెట్టే దిక్కనీ నాన్న తర్వాత చెప్పాడు. గెంతుల పాటలు వాయిస్తుంటే కింద ఇరానీ అతను రొట్టెల కర్రతో గోడ మీద తాళం వేశాడు. చివర్లో ఒక నిదానమైన పాట. తుఫానులో వెళ్ళిన పడవలు తిరిగి రానప్పుడు ఒడ్డున నిలబడి వాయిస్తారట. అది పైకి ఎక్కుతూ ఎక్కుతూ ఒక చోట ఆగుతుంది. అక్కడ ఏదో ఒకటి కనబడాలన్నట్టు ఆగి, ఏమీ కనబడక దిగొస్తుంది. కర్టెను వెనక అమ్మ గరిటె కదలలేదు. అట్టు మాడిన వాసన వచ్చింది.

"క్లబ్బులో పియానో కూడా ఈయనే వాయిస్తాట్ట. ఇదే పాట దాని మీద వింటే వేరే పాటనుకుంటామట" అన్నాడు నాన్న, ఆయన వెళ్ళాక.

"చేతిలో పెట్టె ఉన్నంతసేపూ మనిషే. రేపు ఆఫీసులో చూడండి" అంది అమ్మ.

దొర కారు నడిపేది జగిత్యాల వైపు మనిషి. 'పెట్టె దొర' అని పేరు పెట్టింది అతనే. "మా ఇంటోళ్ళకు నేను దుబాయ్ల ఉన్ననన్నదే ఎరుక. ఖతార్ అని చెప్తే, కొత్త జాగకు ఎందుకు పోయినవని మా అవ్వ ఏడుస్తదని చెప్పలే" అని నవ్వించేవాడు.

ఒక సోమవారం అతను దొర పెట్టెని మోసుకుంటూ మా మెట్లెక్కాడు. వెనకాల దొర. తనింట్లో ఏసీ చెడిందట. పనిమీద ఉత్తరాన మదీనత్ అల్ షమాల్ అనే ఊరికి పోతున్నాడు, గురువారం మధ్యాహ్నం వస్తాడు. ఆ సాయంత్రమే క్లబ్బులో వాళ్ళ దేశం వాళ్ళ నాట్యం, దానికి ఈ పెట్టే కావాలి. అందాకా మా ఇంట్లో ఉంచమన్నాడు. "చెమ్మ తగలనివ్వకు. చెమ్మే దీనికి శత్రువు" అని నాన్నకి మరీ మరీ చెప్పాడు. ఆయన దీవిలో చెమ్మ తప్ప ఇంకో శత్రువు ఉండడు కాబోలు. ఎండ సంగతి ఆయన ఎత్తలేదు, మేం అడగలేదు.

మర్నాడు అమ్మ పెట్టె మూత తీసి చూసింది. తోలు పట్టీల మీద తెల్లటి బూజు.

"అయ్యో! ఇలాగే అప్పజెబితే మన పరువేం కాను?" అంది.

బుధవారం నేను బడి నుంచి వచ్చేసరికి అమ్మ మేడ మీద ఉంది. చీర మీద ఒకవైపు మిరపకాయలు, ఇంకోవైపు దొర పెట్టె. చంటిపిల్లకి నూనె రాసి పడుకోబెట్టినట్టు ఒక పక్క కాసేపు, ఇంకో పక్క కాసేపు తిప్పుతోంది. పిట్టగోడ మీద చెయ్యేస్తే చర్మం ఊడొచ్చేది. (ఊడొచ్చేది కాదు. కాలేది. చెయ్యి తీసుకుని నోట్లో పెట్టుకున్నాను.)

"లోపలికి పట్టుకెళ్ళు. జాగ్రత్త" అంది.

ఎత్తాను. లోపల ఏదో గలగలమంది. అమ్మ, నేను మొహాలు చూసుకున్నాం. మళ్ళీ కదిపాను. మళ్ళీ గలగల. డబ్బాలో చింతగింజలు పోసి కదిపినట్టు.

"ఇదివరకు ఉందా ఈ చప్పుడు?" అంది అమ్మ నెమ్మదిగా.

లేదని ఇద్దరికీ తెలుసు. గదిలోకి తెచ్చి, పట్టీ విప్పి, తిత్తి లాగి ఒక మెట్టు నొక్కాను. పలకలేదు. పక్కది నొక్కాను. గాలి తుస్సుమంది. ఇంకోటి నొక్కితే మూడు గొంతులు ఒక్కసారే లేచాయి, మేకని గొంతు పట్టుకుని ఎత్తినట్టు. అమ్మ చెవులు మూసుకుని నేల మీద కూర్చుండిపోయింది. ఆమె చేతులకి ఇంకా మిరపకాయల ఘాటు ఉంది. కళ్ళు తుడుచుకుంటే మండి, ఇంకా నీళ్ళొచ్చాయి.

నాన్న వచ్చాడు. విన్నాడు. పెట్టెని ఒకసారి కదిపి కింద పెట్టాడు. ఏసీ నీళ్ళు సందులోకి కారుతున్న చప్పుడొక్కటే.

"హార్మణీకి ఏమీ కాలేదు కదండీ ఎన్నిసార్లు పెట్టినా" అంది అమ్మ.

"ఇది హార్మణీ కాదే."

"చెమ్మ తగలకూడదన్నారుగా మరి!"

"అన్నాడు" అన్నాడు నాన్న. అరవలేదు. అరిచి ఉంటే నాకు ఇంత భయం వేసేది కాదు. "కాంట్రాక్టు కాగితం ఆయన బల్ల మీదే ఉంది. ఇంకా సంతకం పెట్టలేదు."

ఆ పూట అన్నంలో ముద్దపప్పు కలిపాడుగానీ నోటిదాకా రాలేదు. అమ్మ బీరువా పైన సూట్‌కేసుల వంక చూస్తోంది. నాకు గుంటూరాయన తలుపు కళ్ళ ముందు రెపరెపలాడింది. ఊరి బయట ఉమ్ సలాల్ తోటల్లోకి పారిపోయి, ఖర్జూరాలు తింటూ దాక్కోవాలని నిర్ణయించుకున్నాను. పారిపోయాను కూడా. రొట్టెల పొయ్యి దాకా. ఇరానీ అతను వేడి రొట్టె చేతిలో పెట్టి ఇంటికి తరిమాడు.

గురువారం నాన్న తొందరగా వచ్చేశాడు. చొక్కా మార్చుకోలేదు. ముగ్గురం హారను కోసం చెవులు రిక్కించుకు కూర్చున్నాం. సందులో ప్రతి కారూ దొర కారే అనిపించేది. చివరికి నిజమైనదే వచ్చింది. ముందు డ్రైవరు మెట్లెక్కాడు.

"అమ్మా, సారు కింద బండ్ల కూసున్నడు. యల్లా యల్లా, జల్ది జల్ది అంటుండు. పెట్టె ఇయ్యున్రి."

నాన్న చెప్పాడు. డ్రైవరు పెట్టెని కదిపి, గలగల విని, నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"సార్, ఒక్క మాట. దీన్ని గిట్లనే తీస్కపోత. సారు ఇంట్ల తయారైతుంటే డిక్కీల పెట్టి మర్శిన, ఎండకు ఖరాబైందని చెప్త. తిడ్తడు. తిడ్తె ఏంది, నాకు ఇంగ్లీషు రాదాయె."

నాన్న ఒక్క క్షణం... అవునూ అనలేదు, కాదూ అనలేదు. అమ్మే అంది: "వద్దు నాయనా. నీకూ ఊళ్ళో పిల్లలున్నారు."

ఆ మాట అవుతుండగానే మెట్ల మీద బూట్ల చప్పుడు. దొర ఎండకి కమిలిపోయి, ఇసుక రాలుస్తూ, చిరునవ్వుతో లోపలికొచ్చాడు. పెట్టె ఎత్తి భుజానికి తగిలించుకున్నాడు. గలగల. చిరునవ్వు ఆగిపోయింది. తిత్తి లాగాడు. మేక అరిచింది.

అప్పుడు నేను ముందుకొచ్చి, ఛాతీ విరుచుకుని, "నేనే ఎండలో పెట్టానండీ, మా నాన్న తప్పేం లేదు" అని ఇంగ్లీషులో చెప్పాను. ఈ కథ నేను ఇన్నాళ్ళూ ఇలాగే చెప్పుకొచ్చాను. మా ఆవిడకి పెళ్ళిచూపుల్లో కూడా ఇలాగే చెప్పాను. కానీ నేను నీళ్ళ డ్రమ్ము వెనకాల ఉన్నాను. అక్కణ్ణుంచి నాకు కనబడింది దొర బూట్లు, కర్టెను అంచు. కర్టెను కదిలింది. దాని కిందనుంచి అమ్మ పాదాలు బయటికొచ్చాయి.

అంతవరకు ఆమె ఆయన ఎదుటికి రాలేదు.

"సారీ సార్, నేనే పొరపాటున..." అని నాన్న ఇంగ్లీషులో మొదలుపెట్టాడు.

"మీరు కాదు" అంది అమ్మ తెలుగులో. దొర వైపు తిరిగి, తన గుండె మీద వేలు పెట్టుకుని, పైన మేడ వైపు చూపించిందట. "నేను. ఎండలో."

దొర మెట్లెక్కి మేడ మీదికి వెళ్ళాడు. మిరపకాయలు ఇంకా అక్కడే ఉన్నాయి. పిట్టగోడ మీద చెయ్యి వేసి చటుక్కున తీశాడని డ్రైవరు తర్వాత చెప్పాడు. దిగొచ్చి నాన్నని ఒక్కటే అడిగాడు: ఎందుకని?

నాన్న అమ్మ వైపు చూశాడట. అమ్మే చెప్పింది.

"బూజు పట్టిందండీ. మా హార్మణీని అలాగే పెడతాను. ఇది పరాయివాళ్ళ సొత్తు కదా అని ఇంకాస్త ఎక్కువసేపు పెట్టాను. పక్కనే ఉండి తిప్పుతూ పెట్టాను."

నాన్న ఒక్క ముక్క మార్చకుండా ఇంగ్లీషులో చెప్పాడు. దొర బూట్లు కదల్లేదు. తర్వాత "యల్లా" అన్నాడు డ్రైవరుతో, అంతే. మెట్ల మీద గలగల దిగిపోయింది.

అరిచి ఉంటే బాగుండేదని నాన్న ఆ సాయంత్రమంతా అన్నాడు. అమ్మ సూట్‌కేసు దింపి తుడిచింది. వద్దనలేదు నాన్న.

శుక్రవారం పొద్దున్నే డ్రైవరు వచ్చి గడప దగ్గర కూర్చున్నాడు. అమ్మ టీ ఇచ్చింది.

"ఏమన్నాడయ్యా?"

"ఏమనలేదమ్మా. క్లబ్బుకు పోయినం. అందరు తయారై నిలవడ్డరు, గళ్ళ లుంగీలసొంటి పావడలు ఏస్కొని, మొగోళ్ళే! పెట్టె ఏదని అడిగిన్రు. మాఫీ, అంటే అరబ్బీల లేదని, అన్నడు. పోయి పియానో ముంగట కూసున్నడు. నేను కిటికీల నుంచి జూస్తున్న. ఎడమ చెయ్యి ధనాధన్ తాళమేస్తుంటే, కుడి చెయ్యి పాట పాడుతున్నది. ఒక్కడే ఇద్దరి పని జేసిండు. ఆళ్ళు ఎగిరిన్రు సూడు, నేల దద్దరిల్లింది. ఆఖరికి చొక్క పిండితె బకీటు నిండు చెమట."

"మా గురించి?" అన్నాడు నాన్న.

"మీ ముచ్చటే తియ్యలేదు సార్."

అది మంచికో చెడ్డకో ఎవరికీ తెలియలేదు. శనివారం నాన్న డ్యూటీకి వెళ్ళాడు. నేను బడి ఎగ్గొట్టి మెట్ల మీద కూర్చున్నాను. మధ్యాహ్నం నాన్న నడక సందు మొదట్లోనే వినిపించింది. చేతిలో మడత పెట్టిన కాగితం. దాన్ని అమ్మకివ్వకుండా సూట్‌కేసులో పెట్టి, మూత వేసి, మళ్ళీ బీరువా పైన పెట్టాడు. అప్పుడర్థమైంది. దొర సంతకం పెట్టాడని.

చాలా వారాల తర్వాత ఒక గురువారం, ఏమీ జరగనట్టు, దొర పెట్టెతో వచ్చాడు. హార్మణీలో స్వరం పలికే రేకుల్ని, అదే రీడ్లని, మరలతో బిగిస్తారనీ, ఈయన పెట్టెలో మైనంతో అతికిస్తారనీ అప్పుడు చెప్పాడు. ఎండకి మైనం కరిగి రీడ్లన్నీ అడుగున రాలాయట. తనే మైనం కాచి ఒక్కొక్కటీ అతికించుకున్నాడు. ఒక్కటి మాత్రం వంగిపోయింది.

గెంతుల పాటల్లో అది తెలియలేదు. నిదానం పాట మొదలుపెట్టాడు. ఎక్కుతూ ఎక్కుతూ పాట ఆ ఆగే చోటికి వచ్చింది. అక్కడ సన్నగా, మేకపిల్లలా, ఒక వణుకు. మేం ముగ్గురం బిగుసుకుపోయాం. కర్టెను వెనక అమ్మ చేతిలో గరిటె జారి పెనం అంచుకి తగిలింది. ఠంగుమంది. దొర కర్టెను వైపు చూసి, అప్పుడు దిగాడు పాటలోంచి.

ఆ తర్వాత ఎప్పుడు వాయించినా అక్కడికి వచ్చేసరికి ఆగేవాడు. గరిటె మోగాకే దిగేవాడు. అమ్మ భయంతో కొట్టేదో, కావాలని కొట్టేదో అడగలేదు. దొర సెలవుకి దేశం వెళ్ళొచ్చాడు. అక్కడ రీడు మార్పించుకోలేదా అని నాన్న అడిగితే, మర్చిపోయానన్నాడు. మరుసటి ఏడూ అదే చెప్పాడు. మాకేమో ఏటా కాంట్రాక్టు నెల రాగానే ఆ వణుకు చెవిలో పడేది. దొర దీవికి వెళ్ళిపోయాక కూడా.

ఇప్పుడా సందు లేదు, ఇరానీ పొయ్యి లేదు. అమ్మా నాన్నా లేరు. మొన్న మనవరాలు పాలు తాగడానికి వెళ్ళినప్పుడు కీబోర్డు దగ్గర కూర్చున్నాను. ఆ పాట రెండు చేతులతో మొదలుపెట్టాను. రెండు చేతులా? ఒక వేలితో, తడుముకుంటూ. ఎక్కాను, ఎక్కాను, ఆ చోటికి వచ్చి ఊపిరి బిగపట్టాను. స్వరం శుభ్రంగా పలికింది, కడిగిన గాజులా. నేను వేలు తియ్యకుండా ఆగాను.

వంటింట్లోంచి కోడలి గరిటె ఠంగుమంది.

లేదు. అది నేను కలిపాను. ఏ చప్పుడూ రాలేదు. వేలు నొప్పి పుట్టేదాకా అక్కడే ఆగాను.